అపార్ట్‌మెంట్‌కు వైర్‌లెస్ సెన్సార్లు: ఏది ఎక్కడ బిగించాలి, ఎక్కడ మొరాయిస్తుంది

సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళే వారంలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో రాత్రి పూట చూస్తే అంతస్తుకు ఒకటో రెండో ఫ్లాట్లలోనే లైట్లు కనిపిస్తాయి. ఆ వారం కోసమని డిసెంబరులో సెన్సార్లు కొని, టేపుతో అతికించి, ఫోన్‌లో యాప్ పెట్టుకుని నిశ్చింతగా బండెక్కేవాళ్ళు చాలామందే. ఎండాకాలం వచ్చేసరికి వాటిలో కొన్ని మూగబోతాయి. ఏవి మూగబోయాయో ఎవరికీ తెలియదు. తలుపు తెరుచుకోక ఊరుకున్న సెన్సార్, బ్యాటరీ అయిపోయి ఊరుకున్న సెన్సార్ ఫోన్ తెర మీద ఒకేలా కనిపిస్తాయి మరి. ఈ రెంటినీ విడదీసి చూపించే ఏర్పాటు లేకపోతే ఎన్ని సెన్సార్లు పెట్టినా గోడకు బొట్టుబిళ్ళలు అతికించినట్టే.

ఇక్కడ చెప్పేది మామూలు కొలతల భవనానికి: కింద స్టిల్ట్ పార్కింగ్, పైన 5 అంతస్తులు, అంతస్తుకు 4 ఫ్లాట్లు, ఒక లిఫ్ట్, ఒకే మెట్లదారి, కింద వాచ్‌మన్ గది. ఫ్లాట్ల లోపలి సంగతి ఎవరిది వారు చూసుకుంటారు. అసోసియేషన్ చేతిలో ఉండేవి ఉమ్మడి చోట్లు. ముందు భద్రం చేయాల్సినవీ అవే.

ముందు భవనమంతా ఒకసారి నడవండి

కొనడానికి ముందు కాగితం, పెన్సిలు పట్టుకుని కింది గేటు నుంచి టెర్రస్ దాకా నడవండి. మనిషి లోపలికి రాగల ప్రతి చోటూ రాసుకోండి. అందరికీ మెయిన్ గేటే గుర్తొస్తుంది. కానీ మెయిన్ గేటు దగ్గర ఎలాగూ మనిషి ఉంటాడు. మర్చిపోయేవి వేరే: పక్క భవనం పిట్టగోడ మీంచి దాటి రాగల టెర్రస్, వెనకవైపు చెత్త తీసుకెళ్ళే చిన్న గేటు, మీటర్ల గది, పంపు గది, పైన లిఫ్ట్ మెషీన్ రూమ్. పక్కపక్కనే కట్టిన భవనాల మధ్య జానెడు సందు మాత్రమే ఉన్న కాలనీల్లో టెర్రస్ తలుపే అసలైన గుమ్మం అనుకోండి.

టెర్రస్ తలుపుకు తాళం కప్ప వేసేసి పని అయిపోయిందనుకునే అసోసియేషన్లు ఉన్నాయి. అగ్నిప్రమాదం జరిగితే పొగ మెట్లదారిలో పైకే పోతుంది. అప్పుడు పైకి పరుగెత్తిన వాళ్ళు ఆ తాళం దగ్గర చిక్కుకుంటారు. లోపలి నుంచి గడియతో తెరుచుకునేలా వదిలి, సెన్సార్ పెట్టడం మంచిది. తాళం చేసే పనిని సెన్సార్ ప్రాణాపాయం లేకుండా చేసే చోటు ఇదొక్కటే.

ఏ రేడియో

సెన్సార్లు కబురు పంపే రేడియోను బట్టి మార్కెట్లో నాలుగు రకాలు దొరుకుతాయి.

433 మెగాహెర్ట్జ్ చవక సెన్సార్లు ఒకవైపే మాట్లాడతాయి. తలుపు తెరిచినప్పుడు ఒక కోడ్ అరిచి ఊరుకుంటాయి; అది అందిందో లేదో వాటికి తెలియదు. చాలావాటిలో ఆ కోడ్ ఎప్పటికీ ఒకటే కాబట్టి పట్టి మళ్ళీ ప్రసారం చేయడం సులువు. బతికే ఉన్నామని చెప్పే అలవాటు కూడా వీటిలో చాలావాటికి లేదు. మనకు కావలసిన మొదటి గుణమే లేదు కాబట్టి వీటిని వదిలేయండి.

వై-ఫై సెన్సార్లు బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతూ, తలుపు తెరిచినప్పుడు లేచి, రౌటర్‌తో కలిసి, ఆ తర్వాత కబురు పంపుతాయి. కొన్ని సెకన్లు అక్కడే పోతాయి. పైగా ఎక్కువ భాగం కంపెనీ సర్వర్ దాకా వెళ్ళి తిరిగిరావాలి. ఇంటర్నెట్ లేకపోతే సైరన్ కూడా మోగదు.

865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసే లోరా, జడ్-వేవ్ అనే రేడియో పద్ధతులు గోడలను బాగా దాటుతాయి. ఎకరాల్లో పరుచుకున్న గేటెడ్ కమ్యూనిటీకి, ఊరి చివర గోడౌన్‌కు లోరా బాగుంటుంది. కొనేముందు ఒక్క సంగతి చూసుకోండి. మన దేశంలో ఈ బ్యాండ్‌లో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి వదిలినది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికా నుంచి వచ్చేటప్పుడు పిల్లలు సూట్‌కేసులో తెచ్చే జడ్-వేవ్ సెన్సార్లు 908 మెగాహెర్ట్జ్‌వి. అది ఇక్కడ మొబైల్ కంపెనీలకు కేటాయించిన బ్యాండ్. ఎంత ఖరీదైనవైనా వాటిని ఇక్కడ పెట్టకూడదు, ఇక్కడ కొన్న హబ్‌తో (సెన్సార్ల కబుర్లన్నీ అందుకునే కేంద్ర పెట్టె) అవి కలవవు కూడా.

మన 5 అంతస్తుల భవనానికి జిగ్‌బీ అనే రేడియో పద్ధతి సరిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్, 128 బిట్ల ఏఈఎస్ గుప్తీకరణ, రెండువైపులా సంభాషణ. గోళీ బ్యాటరీతో (నాణెం ఆకారంలోని చిన్న సెల్) ఏడాది దాటి నడుస్తుంది. కరెంటు మీద నడిచే ప్రతి జిగ్‌బీ పరికరం పక్కవాటి కబురును అందుకుని ముందుకు అందిస్తుంది. ఈ గొలుసే దాని బలం. కరెంటు పోయినప్పుడు అదే దాని బలహీనత.

సామాను

పైన చెప్పిన భవనానికి లెక్క ఇది:

- తలుపు సెన్సార్లు 6: టెర్రస్ తలుపు, లిఫ్ట్ మెషీన్ రూమ్, మీటర్ల గది, పంపు గది, వెనక గేటు, విడిగా ఒకటి
- కదలికను పట్టే పీఐఆర్ సెన్సార్లు 2: టెర్రస్‌కు దిగువనున్న మెట్ల మలుపు, మొదటి అంతస్తు మెట్ల మలుపు
- నీటి సెన్సార్ 1: లిఫ్ట్ గుంతలో
- కరెంటుతో నడుస్తూ కబురును ముందుకు అందించే జిగ్‌బీ రౌటర్లు 4
- సైరన్లు 2: వాచ్‌మన్ గదిలో ఒకటి, పై అంతస్తులో ఒకటి
- కోఆర్డినేటర్ (జిగ్‌బీ గొలుసుకు కేంద్రమైన యూఎస్‌బీ డాంగిల్) 1, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ 1 (రాస్ప్‌బెర్రీ పై 4 చాలు)
- 4జీ సిమ్ పట్టే రౌటర్ 1, యూపీఎస్

నీటి సెన్సార్ దొంగల కోసం కాదు. గట్టి వాన పడితే స్టిల్ట్‌లోంచి నీళ్ళు లిఫ్ట్ గుంతలోకి దిగుతాయి. గొలుసు ఎలాగూ వేస్తున్నారు; ఒక్క సెన్సార్ చేరిస్తే లిఫ్ట్ మరమ్మతు ఖర్చు తప్పుతుంది. అసోసియేషన్ మీటింగులో మొత్తం ఖర్చుకు ఒప్పించడానికి కూడా ఇదే బాగా పనికొస్తుంది.

చిన్న కంప్యూటర్‌ను మెమరీ కార్డు మీద నడపకండి. రోజంతా రాతలు జరిగే చోట కార్డు ముందుగా పాడవుతుంది. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టి, హోమ్ అసిస్టెంట్ (అలారం నియమాలు నడిపే సాఫ్ట్‌వేర్), జిగ్‌బీ2ఎంక్యూటీటీ (జిగ్‌బీ పరికరాల కబుర్లను దానికి అందించే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. కోఆర్డినేటర్ డాంగిల్‌ను నేరుగా యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చకండి. ఆ పోర్టు పుట్టించే రొద 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటుంది. మీటరు, మీటరున్నర యూఎస్‌బీ 2 పొడిగింపు తీగతో దూరంగా వేలాడదీయండి. "సెన్సార్లు పక్క గదిలోనివి కూడా అందడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ తీగే.

గొలుసు ముందు, సెన్సార్లు తర్వాత

కోఆర్డినేటర్‌ను కింద వాచ్‌మన్ గదిలో పెడితే టెర్రస్ ఆరు స్లాబుల దూరం అవుతుంది. రెండో అంతస్తు లేదా మూడో అంతస్తులో, మెట్లదారికి ఆనుకుని, తాళం వేసిన చిన్న పెట్టెలో పెట్టండి. ఇనుప పెట్టె వాడితే యాంటెన్నా బయటికి ఉండాలి. మెట్ల మధ్య ఖాళీలోంచి తరంగాలు పైకీ కిందికీ సులువుగా పోతాయి. లిఫ్ట్ గోడకు ఆనించి మాత్రం పెట్టకండి. ఆ ఇనుము సగం దిక్కులను మింగేస్తుంది.

రౌటర్లను స్టిల్ట్‌లో, మొదటి, నాలుగో, అయిదో అంతస్తుల్లో మెట్ల దగ్గర బిగించండి. ఒక స్లాబు దాటడం ఇబ్బంది కాదు, రెండో స్లాబు దగ్గరే అనుమానం మొదలవుతుంది.

స్మార్ట్ ప్లగ్గులను రౌటర్లుగా వాడటం చవక. కానీ ఉమ్మడి చోట గోడకు కనబడే ప్లగ్గును ఎవరో ఒకరు ఫోన్ ఛార్జింగు కోసం పీకేస్తారు, అది ఖాయం. సాకెట్ వెనక జంక్షన్ బాక్సులో ఇమిడే జిగ్‌బీ రిలే మాడ్యూల్ తీసుకుని, ఎలక్ట్రీషియన్‌తో నేరుగా తీగకు కలిపించండి. న్యూట్రల్ తీగ లేని మాడ్యూళ్ళు చాలావరకు రౌటర్ పని చేయవు. న్యూట్రల్ అవసరమైన రకమే కొనండి. స్మార్ట్ బల్బులు అస్సలు వద్దు. స్విచ్ ఆపిన మరుక్షణం గొలుసులో ఒక లంకె తెగుతుంది.

ఛానల్ సంగతి. జిగ్‌బీకి 11 నుంచి 26 వరకు ఛానళ్ళున్నాయి. ఇళ్ళలో వై-ఫై ఎక్కువగా 1, 6, 11 మీద ఉంటుంది. వాటి సందుల్లో పడేవి జిగ్‌బీ 15, 20, 25. మొదట 25 ప్రయత్నించండి. 26 మీద చాలా పరికరాలు శక్తి తగ్గించి ప్రసారం చేస్తాయి, కొన్ని అసలు కలవవు. ఇరవై ఫ్లాట్ల వై-ఫైల మధ్య ఈ ఎంపిక చిన్న విషయం కాదు. తర్వాత మార్చాలంటే పరికరాల్లో కొన్నింటిని మళ్ళీ జత చేయాల్సి వస్తుంది, అందుకే మొదటి రోజే తేల్చుకోండి. నెట్‌వర్క్ కీ (గుప్తీకరణకు వాడే తాళంచెవి) కూడా అంతే: తయారుగా వచ్చినది ఉంచకుండా కొత్తది పుట్టించి, కాగితం మీద రాసి సెక్రటరీ బీరువాలో పెట్టండి.

రౌటర్లు కలిశాక ఒక రాత్రి వదిలేయండి. ఆ తర్వాత ప్రతి సెన్సార్‌నూ అది ఉండబోయే చోటే నిలబడి జత చేయండి. బల్ల మీద అన్నీ జత చేసి తర్వాత పైకి మోసుకుపోతే, కొన్ని రకాల సెన్సార్లు మొదట పట్టుకున్న కోఆర్డినేటర్‌నే పట్టుకుని వేలాడతాయి, పక్కనే ఉన్న రౌటర్ వైపు చూడవు. జత చేయడం అయిపోగానే కొత్త పరికరాలను చేర్చుకునే మీట ఆపేయండి. జత చేసే క్షణంలోనే నెట్‌వర్క్ తాళంచెవి గాలిలో ప్రయాణిస్తుంది. ఆ తలుపు తెరిచి ఉంచడంలో అర్థం లేదు.

ఇనుప తలుపు, అయస్కాంతం

తలుపు సెన్సార్‌లో ఒకవైపు రీడ్ స్విచ్, మరోవైపు అయస్కాంతం. అయస్కాంతం దగ్గరున్నంతసేపు స్విచ్ మూసి ఉంటుంది. పెట్టె మీద 20 మిల్లీమీటర్ల దూరం దాకా పనిచేస్తుందని రాసి ఉంటే అది చెక్క తలుపుకు. టెర్రస్ తలుపులు, మీటర్ గది తలుపులు మన దగ్గర ఎక్కువగా ఇనుపవి. ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాక్కుంటుంది, దూరం బాగా తగ్గిపోతుంది. పైగా ఇనుప రేకు మీద అతికించిన సెన్సార్ రేడియో కూడా మందగిస్తుంది.

పరిష్కారం తేలిక. సెన్సార్ కిందా, అయస్కాంతం కిందా 10 మిల్లీమీటర్ల మందం యాక్రిలిక్ లేదా పీవీసీ ముక్క వేయండి. రెంటి మధ్య సందు 5 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంచండి. సెన్సార్ పెద్ద భాగాన్ని చట్రం మీద, అయస్కాంతాన్ని తలుపు రెక్క మీద బిగించాలి. రోజూ దడాలున మూసే రెక్క మీద బ్యాటరీ ఉంటే దాని స్ప్రింగు వదులవుతుంది. మడతబందుల వైపు కాదు, తెరుచుకునే వైపు, పైమూలన. తలుపు 5 సెంటీమీటర్లు తెరుచుకునేలోపే కబురు రావాలి.

పడమర ఎండ తగిలే ఇనుప తలుపు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి అంటించే టేపు జారిపోతుంది. స్క్రూలు బిగించండి, లేదా తుప్పు, పెయింటు పొరలు గీకి, స్పిరిట్‌తో తుడిచి ఎపాక్సీ వాడండి. వానాకాలంలో చెక్క తలుపులు ఉబ్బి సరిగ్గా పడవు. చట్రానికి ఆనక ఓరగా నిలిచిన తలుపు "తెరిచి ఉంది" అని రోజంతా చెబుతూనే ఉంటుంది. అది సెన్సార్ లోపం కాదు, వడ్రంగిని పిలవండి.

కింద దుకాణాలు ఉన్న భవనమైతే షట్టర్లకు ఈ మామూలు సెన్సార్ పెట్టకండి. గాలికి షట్టర్ ఊగినప్పుడల్లా మోగుతుంది. నేలకు బిగించే, ఎక్కువ సందును ఓర్చుకునే షట్టర్ సెన్సార్లు విడిగా దొరుకుతాయి. వాటి తీగను బయటి కాంటాక్ట్ చివరలున్న జిగ్‌బీ సెన్సార్‌కు కలపొచ్చు. షట్టర్‌ను ఒక పక్క జాకీతో ఎత్తే అవకాశం ఉంది కాబట్టి వెడల్పాటి షట్టర్‌కు రెండు చివరలా పెట్టాలి.

పీఐఆర్: మే నెలలో కళ్ళు మసకబారే సెన్సార్

పీఐఆర్ మనిషిని చూడదు. ఒంటి వేడికీ వెనకనున్న గోడ వేడికీ మధ్య తేడా కదులుతుంటే పసిగడుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం మెట్లదారి గోడ ఒంటి వేడికి దగ్గరగా కాగి ఉంటుంది. తేడా లేదు కాబట్టి సెన్సార్‌కు మనిషి కనిపించడు, లేదా బాగా దగ్గరికి వచ్చాకే కనిపిస్తాడు. జనవరిలో పరీక్షించి "8 మీటర్ల దాకా పడుతోంది" అని రాసుకున్న లెక్క మేలో చెల్లదు. ఎండాకాలానికి సగం దూరమే లెక్కేసుకుని చోటు ఎంచుకోండి. పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉన్న రకం ఈ చిక్కును కొంత తీరుస్తుంది, కానీ మైక్రోవేవ్ పల్చటి చెక్క తలుపును, అద్దాన్ని దాటిపోయి పక్క ఫ్లాట్ మనిషిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఎత్తు 2.1 నుంచి 2.4 మీటర్లు. మనిషి సెన్సార్ వైపు నడిచి రావడం కంటే దాని ముందు అడ్డంగా దాటేలా ఉంటే త్వరగా పడుతుంది. అందుకే మెట్ల వరసకు ఎదురుగా కాకుండా మలుపు పక్కగోడకు పెట్టాలి. ఎండ నేరుగా పడే కిటికీ వైపు తిప్పకూడదు.

ఇక బల్లులు. లైటు దగ్గర పురుగుల కోసం బల్లి వస్తుంది, లైటు పక్కనే సెన్సార్ ఉంటే దాని అద్దం మీద పాకుతుంది. కటకానికి అంత దగ్గరగా పాకే బల్లి సెన్సార్‌కు మనిషంత కనిపిస్తుంది. రాత్రి రెండింటికి మోగే ఉత్తుత్తి అలారాల్లో దీని వాటా పెద్దదే. లైటుకు కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో బిగించి, తీగ రంధ్రాలు, గోడకూ సెన్సార్‌కూ మధ్య సందులు సిలికాన్‌తో మూసేయండి. చీమలు కూడా ఆ సందుల్లోంచే లోపలికి చేరి కాపురం పెడతాయి.

స్టిల్ట్ పార్కింగ్‌లో పీఐఆర్ పెట్టకండి. కుక్కలు, పిల్లులు, వేడెక్కిన కారు ఇంజిన్లు కలిసి వారంలోనే అందరికీ అలారం మీద విసుగు పుట్టిస్తాయి.

కరెంటు పోయినప్పుడు

సెన్సార్లకు బ్యాటరీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదనుకోవడం పొరపాటు. కరెంటు పోగానే నాలుగు రౌటర్లూ ఆరిపోతే టెర్రస్ సెన్సార్ అరిచినా వినేవాళ్ళు ఉండరు. రౌటర్లను జనరేటర్ లేదా ఇన్వర్టర్ లైన్ మీద వేయించండి. జనరేటర్ అందుకునేలోపు పోయే కొన్ని సెకన్లు పర్వాలేదు. అవి తిరిగి లేచి గొలుసులో వాటంతట అవే కలుస్తాయి.

కోఆర్డినేటర్, చిన్న కంప్యూటర్, 4జీ రౌటర్ కలిపి 15 వాట్ల దాకా తీసుకుంటాయి. 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్న మామూలు యూపీఎస్‌లో 84 వాట్-అవర్లు ఉంటాయి. మార్పిడిలో పోయేది తీసేస్తే సుమారు 3 గంటలు. ఆ బ్యాటరీ రెండు మూడేళ్ళకే నీరసిస్తుంది, కాబట్టి ఏటా ఒకసారి ప్లగ్ పీకి ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూడండి.

చచ్చిన సెన్సార్‌ను ఎలా గుర్తించాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బ్యాటరీ సెన్సార్లు ఏమీ జరగకపోయినా అప్పుడప్పుడు "ఉన్నాను" అని కబురు పంపుతాయి. చాలా తలుపు సెన్సార్లు గంటకొకసారి. జిగ్‌బీ2ఎంక్యూటీటీలో ఆ కబురు రాకపోతే పరికరం పోయిందని ప్రకటించే గడువు ఉంది. బ్యాటరీ పరికరాలకు ముందుగా వచ్చే అంకె 1500 నిమిషాలు, అంటే 25 గంటలు. ఇంట్లో ఉష్ణోగ్రత చూసుకోవడానికి అది చాలు. భద్రతకు చాలదు. మీ సెన్సార్ ఎంతసేపటికోసారి పలుకుతుందో రెండు రోజులు గమనించి, దానికి మూడు రెట్లు గడువు పెట్టండి. గంటకోసారి పలికేదానికి 180 నిమిషాలు. ఇంకా తగ్గిస్తే ఒక్క కబురు తప్పినా గోల మొదలవుతుంది.

కరెంటు పరికరాలకు గడువు 10 నిమిషాలు. రెండు కంటే ఎక్కువ రౌటర్లు ఒకేసారి మాయమైతే దానికి వేరే హెచ్చరిక రాయండి. కరెంటు పోయి ఉండాలి, లేదా ఎవరో తరంగాలను అడ్డుకుంటూ ఉండాలి. ఏదైనా ఒకరు లేచి చూడాల్సిన విషయమే.

మరి హబ్బే, అంటే కోఆర్డినేటర్‌ను నడిపే ఆ చిన్న కంప్యూటరే, ఆగిపోతే? అది ఆగిపోయిందని అది చెప్పలేదు. రోజూ రాత్రి 9కి "అంతా బాగానే ఉంది" అనే మెసేజ్ పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. నెల తిరక్కుండానే ఆ మెసేజ్ రాకపోయినా ఎవరూ గమనించరు. హబ్ ప్రతి 10 నిమిషాలకు బయటి సర్వర్‌కు ఒక పిలుపు పంపేలా, ఆ పిలుపు ఆగితే సర్వరే ఫోన్లకు కబురు చేసేలా పెట్టండి. ఇలాంటి సేవలు ఉచితంగానూ దొరుకుతాయి.

బ్యాటరీ శాతాన్ని నమ్మొద్దు. సీఆర్2032 రకం గోళీ బ్యాటరీ దాదాపు చివరిదాకా 3 వోల్టుల దగ్గరే చూపించి, ఆఖరున ఒక్కసారిగా పడిపోతుంది. శాతం 40 చూపిస్తుండగానే చలి రాత్రి ప్రసారం చేయబోయి ఆగిపోయేవి ఉంటాయి. ఏటా డిసెంబరు మొదటి వారంలో అన్నీ ఒకేసారి మార్చేయండి, లోపలివైపు మార్కర్‌తో తేదీ రాయండి. రోడ్డు పక్క షీట్లలో అమ్మే నకిలీ గోళీలు కొని ఆదా చేసేదేమీ లేదు.

ఎవరికి మోగాలి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు అలారం పంపడమంత పనికిరాని పని లేదు. నలభై మంది చూస్తారు, ఎవరో చూసుకుంటారులే అని నలభై మందీ పడుకుంటారు. మూడు ఫోన్లు చాలు: సెక్రటరీ, టెర్రస్‌కు దగ్గరగా పై అంతస్తులో ఉండే ఒకరు, పండక్కి ఊరెళ్ళని ఇంకొకరు. వాచ్‌మన్‌కు ఫోన్ కంటే గదిలోని సైరన్ మేలు. అది ఇంటర్నెట్ లేకపోయినా మోగుతుంది.

నియమాలు మూడు రాస్తే చాలు. పగలు టెర్రస్ తలుపు 5 నిమిషాలకు మించి తెరిచి ఉంటే ఫోన్ కబురు మాత్రమే. వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళ మీద సైరన్ మోగించొద్దు. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు తలుపు తెరుచుకుంటే వాచ్‌మన్ గదిలో సైరన్. ఆ తర్వాత 60 సెకన్లలో మెట్ల పీఐఆర్ కూడా కదలిక చూస్తే రెండు సైరన్లూ, మూడు ఫోన్లూ. పీఐఆర్ ఒక్కటే మోగితే రికార్డు చేసి వదిలేయండి.

సైరన్ మోగితే వాచ్‌మన్ ఒంటరిగా పైకి వెళ్ళకూడదు. కిందే ఉండి మెట్లు, లిఫ్ట్ కనిపెట్టుకుంటూ 112కు ఫోన్ చేయాలి. ఈ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అతని గది గోడకు అంటించండి. అతని మాతృభాష ఒడియానో హిందీనో అయితే ఆ భాషలోనే. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ళకు పోలీసులే కదలికను పట్టే కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే పథకం వచ్చింది. మీ స్టేషన్ పరిధిలో నడుస్తుంటే ఊరెళ్ళే ఫ్లాట్ల వాళ్ళు దాన్నీ అడగొచ్చు, ఉమ్మడి చోట్ల సెన్సార్లతో దానికి పోటీ లేదు.

నడిచి పరీక్షించడం

బిగించిన రోజు ఒక్కో తలుపును 10 సార్లు తెరిచి మూయండి. 10 కబుర్లూ 2 సెకన్లలోపు రావాలి. 9 వస్తే బాగుందనుకోకండి. తప్పిన ఆ ఒక్కటి ఎందుకు తప్పిందో తేలేదాకా వదలొద్దు. చాలాసార్లు అయస్కాంతం ఓరగా ఉండటమో, సంకేతం మైనస్ 85 డీబీఎం కంటే బలహీనంగా ఉండటమో కారణం. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి అదే పరీక్ష మళ్ళీ చేయండి. ఆపైన ఒక సెన్సార్ బ్యాటరీ తీసి జేబులో వేసుకుని వెళ్ళిపోండి, ఎవరికీ చెప్పకండి. 3 గంటల్లో ఆ మూడు ఫోన్లకూ కబురు రావాలి. రాకపోతే బిగింపు ఇంకా పూర్తి కానట్టే.

ఆ తర్వాత నెలనెలా మొదటి ఆదివారం, వాటర్ ట్యాంకు చూడటానికి ఎలాగూ పైకి వెళ్ళే మనిషితోనే, ప్రతి తలుపూ ఒకసారి తెరిపించి చూడండి.